కొల్లేటి నీటిపై తెరచాప పోటీ

తాడేపల్లిగూడెంలోని మా మదరసాకు కొద్ది దూరంలోనే ఏలూరు కాలువ పారుతుంది. విజ్జేశ్వరం దగ్గర గోదావరిని విడిచిన ఈ నీరు నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు చేరుతుంది. అటు విజయవాడ నుండి వచ్చే కృష్ణా కాలువ కూడా అక్కడికే చేరుతుంది. రెండు మహానదుల నీరు కలుసుకునే ఊరు ఏలూరు. వర్షాకాలంలో కాలువ నిండుగా పారేటప్పుడు మా విద్యార్థులెవరూ అటు వెళ్ళరాదని గట్టి ఆంక్ష ఉంది. దానిని విధించినవాడిని నేనే.

రెండేళ్ళ క్రిందట ఒక శుక్రవారం, అస్ర్ నమాజుకు నలుగురు పిల్లలు కనబడలేదు. వెదుక్కుంటూ కాలువ గట్టుకు వెళ్ళాను. అరటి బోదెలను వెదురు పుల్లలతో గుచ్చి రెండు తెప్పలు కట్టారు. ఒక్కొక్క దానిపై కర్ర నిలిపి లుంగీని తెరచాపగా బిగించారు. వంతెన వరకు ఎవరు ముందు చేరుతారన్నది పోటీ. ముందున్న తెప్పపై కూర్చుని ఒక బద్దను చుక్కానిగా పట్టుకున్నవాడు పదకొండేళ్ళ బాలుడు, కొల్లేటి అంచు గ్రామం నుండి వచ్చి మా వద్ద చదువుకుంటున్నవాడు.

పిల్లలను గట్టుకు పిలిచి, తెప్పలను నా చేతులతోనే విప్పి కాలువలో వదిలేశాను. నా కోపంలో తప్పు లేదు, ప్రాణాలు తీసిన కాలువ అది. కాని ఆ కోపంలో నా నోటి నుండి ఒక మాట వచ్చింది. "నీళ్ళలో ఆడుకునేవాడికి చదువెందుకు? పోయి చేపల చెరువుల్లో కూలి చేసుకో" అన్నాను. ఆ పిల్లవాడి తండ్రి చేపల చెరువుల దగ్గర కూలివాడే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆ తరువాత వాడు పాఠం తప్పలేదు, నమాజు తప్పలేదు. కాని నన్ను ఏ ప్రశ్నా అడగడం మానేశాడు.

గత జూలైలో బంధువుల వివాహానికి హైదరాబాదు వెళ్ళవలసి వచ్చింది. మరునాడు తీరిక దొరికి హుస్సేన్ సాగర్ వైపు నడిచాను. 1560లలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో హజ్రత్ హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తవ్వించిన చెరువు అది. ఆయన పేరే నేటికీ దానికి నిలిచింది. సంజీవయ్య పార్కు వైపు నిలబడి చూస్తే నీటిపై తెల్లని చిన్న తెరచాపలు, దూరం నుండి కొంగల గుంపులా కనిపించాయి. ఒక్కొక్క పడవలో ఒక్కొక్క బాలుడో బాలికో. పెద్దవారెవరూ తోడు లేరు. నా అడుగులు అక్కడే ఆగిపోయాయి.

ఒడ్డున ఉన్న ఒక శిక్షకుడు ఓపికతో నా ప్రశ్నలన్నింటికీ సమాధానం చెప్పారు. ఆ పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత దానిని రూపొందించారు. ఊరి పిల్లలకు చవకగా దొరికే పడవ ఒకటి కావాలని కోరగా, రెండు ప్లైవుడ్ పలకలతో తయారయ్యేలా గీశారట. అందుకే దాని ముక్కు కోసుగా ఉండదు, పెట్టెలా మొండిగా ఉంటుంది. పొడవు ఏడున్నర అడుగులకు కాస్త ఎక్కువ, బరువు 35 కిలోలు. పదిహేనేళ్ళ లోపు పిల్లలు దానిని నడుపుతారు. నేడు ప్రపంచమంతటా పిల్లలు తెరచాప నేర్చుకునేది ఎక్కువగా ఈ మొండి ముక్కు పడవలోనే. అందం కోసం కాక అందరికీ అందడం కోసం చేసిన వస్తువు ఇంత దూరం వెళ్ళింది.

మన దేశంలో ఈ క్రీడ మొదట దొరల వినోదంగా ప్రవేశించింది. రాయల్ బాంబే యాట్ క్లబ్ 1846లో, రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911లో ఏర్పడ్డాయి. పేర్లలోనే కోట గోడలు కనబడతాయి. తరువాత సైన్యం దీనిని కాపాడుకుంటూ వచ్చింది. సికింద్రాబాదులోని ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వారు హుస్సేన్ సాగర్‌పై ఏళ్ళ తరబడి పోటీలు జరుపుతున్నారు. అయినా చెరువు గట్టున నివసించే పేద కుటుంబాల పిల్లలకు ఆ పడవలు చూడటానికే తప్ప ఎక్కడానికి కావు. 2009లో సుహేమ్ షేక్ అనే ఆయన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌ను స్థాపించి ఆ గోడకు ఒక ద్వారం తెరిచారు. పేద కుటుంబాల పిల్లలను ఎంపిక చేసి, మొదట ఈత, తరువాత పడవ నేర్పించారు. పడవ క్లబ్బుదే, లైఫ్ జాకెట్టు క్లబ్బుదే. అక్కడ నేర్చుకున్న పిల్లలు ఏటా జరిగే మాన్‌సూన్ రెగట్టాలో దేశం నలుమూలల నుండి వచ్చిన వారితో పోటీపడ్డారు. హైదరాబాదు అమ్మాయి ప్రీతి కొంగర 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల వరకు వెళ్ళింది. ఆ క్రీడల్లోనే మన దేశపు ఇబాద్ అలీ తెరచాప పలకపై నిలబడి నడిపే పోటీలో కాంస్యం గెలిచాడు. మధ్యప్రదేశ్‌లోని ఒక రైతు బిడ్డ నేహా ఠాకూర్ రజతం గెలిచింది. ఆమె నేర్చుకున్నది సముద్రంపై కాదు, భోపాల్ చెరువుపై.

పోటీ జరిగే తీరు కూడా ఆ శిక్షకుడే వివరించారు. గాలికి ఎదురుగా పడవ నేరుగా పోలేదు. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి వంకరగా మలుపులు తిరుగుతూ పోవాలి. కాబట్టి బలం ఉన్నవాడి కన్నా గాలిని చదవగలవాడే ముందుంటాడు. ఒకే సుదీర్ఘమైన పోటీ పెట్టరు, చిన్న చిన్న పోటీలు అనేకం పెడతారు. మొదటివాడికి ఒక అంకె, రెండవవాడికి రెండు అంకెలు, చివరికి ఎవరి మొత్తం తక్కువైతే వారే విజేత. తగినన్ని పోటీలు జరిగాక ప్రతి ఒక్కరి లెక్క నుండి అన్నిటికన్నా చెడ్డ ఫలితాన్ని తీసివేస్తారు. గాలి ఒకసారి మోసం చేసినంత మాత్రాన పిల్లవాడి శ్రమ అంతా వృథా కాకూడదని! రకరకాల పడవలు ఒకేచోట పోటీపడితే, వేగవంతమైన పడవకు ఎక్కువగా, నెమ్మదైన పడవకు తక్కువగా సమయాన్ని లెక్కగట్టే పద్ధతి కూడా ఉందట.

నన్ను మరింత ఆలోచింపజేసినది వేరొకటి. నీటి మీద ప్రతి పడవ వెంట న్యాయనిర్ణేత ఉండడు. హద్దు గుర్తుగా తేలే బుడగను పడవ తాకితే, ఎవరూ చూడకపోయినా, నడిపేవాడే తనకు తాను శిక్షగా ఒక పూర్తి చుట్టు తిరిగి ముందుకు సాగాలి. మరొకరి దారికి అడ్డువస్తే రెండు చుట్లు. అమానత్ గురించి నేను ముప్ఫై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. పన్నెండేళ్ళ పిల్ల ఒకతె ఎవరూ చెప్పకుండానే తన పడవను గుండ్రంగా తిప్పడం ఆ రోజు హుస్సేన్ సాగర్‌లో చూశాను.

తిరిగి వచ్చిన వారానికి తరగతిలో జిహాద్ ప్రకరణంలోని గుర్రపు పందేల హదీసు పాఠం వచ్చింది. సహీహ్ బుఖారీలో హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం అది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గుర్రాలకు పోటీ పెట్టారు. శిక్షణ పొంది తేలికైన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు, అంటే ఐదారు మైళ్ళు. శిక్షణ లేని గుర్రాలకు సనియ్యా నుండి బనూ జురైఖ్ మస్జిదు వరకు, అంటే ఒక మైలు. పోటీలో పాల్గొన్న వారిలో ఇబ్నె ఉమర్ (రజి) కూడా ఉన్నారు. ఈ హదీసును ప్రతి ఏడూ చెబుతూనే వచ్చాను. బహుమతి ఎవరిస్తే ధర్మసమ్మతం, ఇరుపక్షాలూ డబ్బు ఒడ్డితే అది జూదం ఎలా అవుతుంది అన్న ఫిఖ్హ్ చర్చలోనే గంట గడిచిపోయేది. రెండు దూరాలు ఎందుకు పెట్టారన్న ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఐదు మైళ్ళ పోటీ ఒక్కటే పెట్టి ఉంటే శిక్షణ లేని గుర్రాల యజమానులు గట్టున నిలబడి చూసేవారే అయ్యేవారు. మదీనాలో వారికీ ఒక హద్దు, ఒక గెలుపు కేటాయించారు. ఆ రోజు ఈ మాట తరగతిలో చెప్పి తలెత్తితే, వెనుక వరుసలో ఆ పిల్లవాడు నావైపే చూస్తున్నాడు.

ఆగస్టులో సెలవు దొరకగానే వాడిని ఇంటి వద్ద దింపే నెపంతో నేనూ బయలుదేరాను. తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కితే ఉంగుటూరు, కైకరం, పూళ్ళ, భీమడోలు, దెందులూరు మీదుగా ఏలూరు. బండిలో హుస్సేన్ సాగర్ సంగతులన్నీ చెప్పాను. లెక్కలోంచి చెడ్డ ఫలితాన్ని తీసివేస్తారన్నది విని నవ్వాడు. చెప్పదలచుకున్న అసలు మాట మాత్రం దెందులూరు దాటినా నా గొంతు దాటలేదు.

ఏలూరు నుండి కైకలూరు వెళ్ళే బస్సు కొల్లేటిని చీల్చుకుంటూ పోతుంది. పెదయడ్లగాడి వంతెన దగ్గర దిగి కాసేపు నిలబడ్డాము. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలా పరుచుకున్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వంటివి దిగుతాయి. బయటికి పోయేది ఉప్పుటేరు ఒక్కటే, అది బంగాళాఖాతంలో కలుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీనిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. అంతకు ముందే సరస్సు చాలావరకు చేపల చెరువులుగా మారిపోయింది. 2006లో ప్రభుత్వం ఆ గట్లను తెగగొట్టింది. నీరు తిరిగి వచ్చిన చోట్ల గుర్రపుడెక్క, కిక్కిస కూడా వచ్చాయి. అభయారణ్యం హద్దు బయట చెరువులు ఇంకా ఉన్నాయి. వాటి చేప ఐసు పెట్టెల్లో లారీలెక్కి కలకత్తా వరకు వెళుతుంది. ఆ పెట్టెలు ఎత్తేది ఈ పిల్లవాడి తండ్రి.

దాదా వయసు డెబ్బై దాటింది. యౌవనంలో ఏలూరు కాలువపై ధాన్యం పడవ నడిపినవాడు. గాలి అనుకూలిస్తే తెరచాప, అనుకూలించకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం, లోతు తక్కువైతే గెడ. "లారీలొచ్చాయి, మా తాళ్ళు గూటికెక్కాయి మౌల్వీ సాబ్" అని ఒక్క ముక్కలో చెప్పాడు. నేను హైదరాబాదు పడవల గురించి వివరిస్తుంటే ఏమీ ఆశ్చర్యపడలేదు. లేచి వెళ్ళి చూరు కింద బోర్లించిన తాటి దోనెలను తట్టి చూశాడు. తాటి మానును తొలిచి చేసే ఈ దోనె కొల్లేటి వారి కాలినడక వంటిది. ఒంటి దోనెపై తెరచాప కడితే బోల్తా పడుతుంది. రెండింటిని పక్కపక్కన ఉంచి అడ్డకర్రలతో బిగిస్తే నిలుస్తుంది. ఆ జంటకు మన భాషలో సంగడి అని పేరు. స్నేహితుడిని సంగడీడు అనడం నాకు తెలుసు, దోనెల జంటకూ అదే పేరని మాత్రం ఆ రోజే తెలిసింది. దాదాపు రెండు వేల ఏళ్ళ క్రిందట ఒక గ్రీకు నావికుడు వ్రాసిన 'పెరిప్లస్' గ్రంథంలో ఈ తూర్పు తీరపు జంట మానుల ఓడలను 'సంగర' అని పేర్కొన్నారు. ఈ దేశంలో తెరచాప దొరలతో పుట్టలేదన్న మాట.

సరస్సులోకి వెళ్ళవద్దన్నది అందరి మాట. అది పక్షులది. వలస పక్షులు అక్టోబరు నుండి వస్తాయి, ఆటపాక వద్ద గూడబాతులు గూళ్ళు కట్టేదీ ఆ చలికాలంలోనే. మంచి పడమటి గాలి వీచేది జూన్ నుండి సెప్టెంబరు వరకు. కాబట్టి తెరచాపకూ పక్షికీ తగవు ఉండనక్కరలేదు. మోటారు పడవలా ఇది మోతా చేయదు, నూనే కార్చదు. అయినా అభయారణ్యం అభయారణ్యమే, అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. హద్దుకు ఇవతల, చేప పట్టేసి కొత్త పిల్లను ఇంకా వదలని ఒక చెరువుకు యజమాని మా మీద దయతో సరేనన్నాడు. లోతు నడుము వరకే. వరద వచ్చే సూచన ఉంటే దోనె కట్టు విప్పకూడదని దాదా ముందే షరతు పెట్టాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఉప్పొంగినప్పటి భయం ఆ ఊరిని ఇంకా వదలలేదు.

నాలుగు దోనెలతో రెండు సంగడులు తయారయ్యాయి. ఒకదానికి పాత టార్పాలిన్ పట్టా, రెండవదానికి గత ఎన్నికల ఫ్లెక్సీ. ఏ పార్టీదో చెప్పను కాని, గాలి నిండగానే నాయకుడి బుగ్గలు ఉబ్బడం చూసి ఊరంతా నవ్వింది. ఈత రానివాడిని ఎక్కించేది లేదన్నాను. వచ్చినవాడి నడుముకు కూడా ఖాళీ నూనె డబ్బాలు కట్టించాను. మంచి లైఫ్ జాకెట్లు కొనేవరకు అంతకన్నా గత్యంతరం లేదు.

దాదా గాలి పక్క నుండి వీచేలా దారి పెట్టాడు, పోవడానికీ రావడానికీ అదే గాలి పనికి వచ్చేలా. తరువాత చేతికర్రతో రెండు హద్దులు చూపాడు. పెద్ద పిల్లలు అవతలి గట్టున ఉన్న తాడిచెట్టు వరకు, చిన్నవారు నీళ్ళ మోటారు షెడ్డు వరకు. నేను ఉలిక్కిపడి, "చాచా, రెండెందుకు?" అని అడిగాను.

"చిన్నోడిని తాడిచెట్టు దాకా పొమ్మంటే సగంలో ఏడుస్తాడు మౌల్వీ సాబ్. ఏడ్చినోడు మళ్ళీ నీళ్ళలోకి రాడు" అన్నాడు.

ఆయన హదీసు చదువుకున్నవాడు కాదు.

మా విద్యార్థి చెల్లెలు పదేళ్ళది, గట్టున నిలబడి చూస్తోంది. ఆడపిల్లకెందుకని ఎవరో గొణిగారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ ఆయిషా (రజి)తో స్వయంగా పరుగు పోటీ పెట్టుకున్న సంగతి గుర్తు చేశాను. మొదటిసారి ఆమె గెలిచారు, తరువాతి కాలంలో ఒకసారి ఆయన గెలిచి, అప్పటి దానికి ఇది బదులని నవ్వారు. ఇక ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్ల ఓణీ నడుముకు బిగించి చుక్కాని పట్టింది. షెడ్డు హద్దు పోటీలో తన ఈడు మగపిల్లలిద్దరినీ వెనుక వేసింది. రోజూ దోనెపై గడ్డి తెచ్చేది ఆమేనని తరువాత తెలిసింది.

ఒక బహుమతి ఉండాలన్నారు. పిల్లల దగ్గర డబ్బు పోగుచేయవద్దని చెప్పి, నా సంచిలోని ఖర్జూరం పొట్లం తీశాను. గెలిచినవారికి మూడు, ఓడినవారికి రెండు.

చివరి పోటీకి ఫ్లెక్సీ సంగడిలో మనిషి తక్కువయ్యాడు. నన్నెక్కమన్నారు. యాభై నాలుగేళ్ళ వయసులో పైజామా మడిచి ఎక్కాను. చుక్కాని దగ్గర మా విద్యార్థి, తెరచాప తాడు నా చేతిలో. నీటి మధ్యకు వెళ్ళాక ఇతరుల చెవులకు దూరమయ్యామనిపించింది. "బేటా, ఆ రోజు కాలువ గట్టున నేనన్న మాట తప్పు. మీ నాన్న పని చిన్నది కాదు. నన్ను మన్నించు" అన్నాను.

వాడు నావైపు చూడలేదు. "తాడు వదలండి హజ్రత్, గాలి పోతోంది" అన్నాడు. కంగారులో బిగించవలసింది వదిలి, వదలవలసింది బిగించాను. సంగడి ఉన్నచోటనే తిరిగి తాడిచెట్టుకు వీపు చూపింది. అవతలి సంగడి వెళ్ళి తిరిగి వచ్చేసరికి మేమింకా సగం దారిలోనే ఉన్నాము. గట్టు మీద పిల్లల కేకలు. నా విద్యార్థులు నా ఓటమికి అంత సంతోషించడం మొదటిసారి చూశాను.

ఒడ్డుకు చేరాక వాడు చేయి పట్టి నన్ను దింపాడు. "దీన్ని లెక్కలోంచి తీసేద్దాం హజ్రత్. ఒకటి తీసేస్తారని మీరే చెప్పారుగా" అన్నాడు. మగ్రిబ్‌కు ఇంకా అరగంట ఉందని దాదా పొద్దు చూసి చెప్పాడు. వాడు సంగడిని మళ్ళీ నీటిలోకి నెట్టి, తాడు కొసను నా చేతికిచ్చి, ఎప్పుడు బిగించాలో చూపించడం మొదలుపెట్టాడు.